కొత్త దేశానికి కేంద్ర బ్యాంకును క్లాసులోనే పెట్టించండి: ఎకనామిక్స్ చెప్పేవాళ్ల కోసం

ఇంటర్ ఎకనామిక్స్‌లో బ్యాంకింగ్ పాఠం రాగానే పిల్లలు రెండు తేదీలు పట్టుకుంటారు. 1935 ఏప్రిల్ 1న రిజర్వ్ బ్యాంకు పని మొదలుపెట్టింది, 1949 జనవరి 1న జాతీయమైంది. ఆ రెండూ రాస్తే మార్కులు పడతాయి. కానీ "మొదలైననాడు ఆ బ్యాంకు ఎవరిది? పద్నాలుగేళ్లకు దాన్ని ఎవరి చేతిలోంచి తీసుకున్నారు?" అని అడిగి చూడండి, క్లాసంతా తల దించుకుంటుంది.

హన్మకొండ చుట్టుపక్కల సర్కారు కాలేజీల్లో ఈ పాఠం చెప్తున్నదాన్ని. నా క్లాసులో సగం మంది పత్తి, మిర్చి పండించే ఇళ్ల పిల్లలు. డబ్బు ఎప్పుడు దొరుకుతుంది, ఎప్పుడు దొరకదు అనేది వాళ్లకు పుస్తకం కంటే ముందే తెలుసు. కేంద్ర బ్యాంకు పెట్టడమంటే ఒక కట్టుబాటు రాసుకోవడం: నోటు ఎప్పుడు పుట్టాలి, ఎప్పుడు పోవాలి, సర్కారు అడిగినా ఎప్పుడు ఇవ్వకూడదు అని. ఆ కట్టుబాటును పిల్లలతోనే రాయిస్తే ఈ పాఠం జన్మలో మరిచిపోరు. దానికి రెండు పీరియడ్లు కలిపి తీసుకోండి. పక్క సబ్జెక్టు వాళ్లను బతిమాలైనా సరే, ఒక్క పీరియడ్‌లో మాత్రం మొదలుపెట్టకండి. వీలైతే పత్తి ఇంటికొచ్చే రోజుల్లో, నవంబరు, డిసెంబరులో పెట్టుకోండి.

ముందు నోటు చూపించండి

పది రూపాయల నోటు ఒకటి, రూపాయి నోటు ఒకటి సంపాదించండి. రూపాయి నోటు 1994లో ఆపేసి 2015లో మళ్లీ అచ్చేశారు కాబట్టి ఎవరో ఒకరి ఇంట్లో బీరువాలో దొరుకుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి, సంతకం ఎవరిదో చదవమనండి. పది రూపాయల నోటు మీద రిజర్వ్ బ్యాంకు గవర్నరు సంతకం, ఇంత మొత్తం చెల్లిస్తానని ఆయన ఇచ్చిన మాట ఉంటాయి. రూపాయి నోటు మీద గవర్నరు కనిపించడు. పైన భారత ప్రభుత్వం అని ఉంటుంది, కింద ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది, చెల్లిస్తాననే మాట ఉండదు. చట్టం దృష్టిలో అది కాగితం మీద ఉన్న నాణెం, సర్కారు సొత్తు.

ఇక్కడ ఆగి అడగండి: సర్కారుకే నోటు వేసే అధికారం ఉన్నప్పుడు మధ్యలో ఈ బ్యాంకు ఎందుకు? జవాబు మీరు చెప్పకండి. ప్రశ్నను బోర్డు మీద ఒక మూలన రాసి వదిలేయండి. రెండో పీరియడ్ దాకా అది అక్కడే ఉండాలి.

మన గడ్డ మీది లెక్క

ఢిల్లీ, బొంబాయి కంటే ముందు మన ఊరి సంగతి చెప్పండి. నిజాం రాజ్యానికి సొంత డబ్బు ఉండేది, ఉస్మానియా సిక్కా. జనం దాన్ని హాలీ అన్నారు, ఇంగ్లీషువాళ్ల రూపాయిని కల్దార్ అన్నారు. 1918 నుంచి హాలీకి కాగితం నోట్లు కూడా వచ్చాయి. ఈ డబ్బును చూసుకోవడానికే 1941లో చట్టం చేసి హైదరాబాద్ స్టేట్ బ్యాంకును పెట్టారు, 1942 ఏప్రిల్‌లో అది గన్‌ఫౌండ్రీలో తలుపులు తెరిచింది. రాజ్యం వేరు, నోటు వేరు, దాన్ని కాసే బ్యాంకు వేరు. మన తాతలు వరంగల్‌లో ఖర్చు పెట్టిన పైసకు రిజర్వ్ బ్యాంకుతో సంబంధమే లేదు.

మారకం లెక్కను పిల్లలతోనే చేయించండి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు. మరి వంద కల్దార్లు కావాలంటే ఎన్ని హాలీలు? కాలిక్యులేటర్ వాళ్లు 116.67 అని చెప్తారు. అప్పుడు రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు (పైస కంటే చిన్న నాణెం) అని గుర్తుచేసి మళ్లీ వేయమనండి. 116 రూపాయల 10 అణాల 8 పైలు వస్తుంది. అప్పటి అధికారిక మారకం అచ్చంగా అదే. బొంబాయి నుంచి 600 కల్దార్ల బట్ట తెప్పించుకునే వరంగల్ దుకాణదారు 700 హాలీలు లెక్కపెట్టి ఇవ్వాలి.

1947 ఆగస్టు తర్వాత ఇదే డబ్బు రాజకీయమైంది. భారత రూపాయి హైదరాబాద్ రాజ్యంలో చెల్లదని నిజాం సర్కారు ఆర్డినెన్సు తెచ్చింది, పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల భారత ప్రభుత్వ బాండ్లను అప్పుగా ఇచ్చింది. ఢిల్లీకి ఈ రెండూ ఎందుకంత మండాయో పిల్లలను అడగండి. తమది వేరే దేశమని చెప్పుకోవాలనుకునేవాళ్లు జెండాతో పాటు నోటునూ పట్టుకుంటారని వాళ్లే తేలుస్తారు. రాజ్యం భారత్‌లో కలిశాక హాలీ మెల్లగా తప్పుకుంది, 1959లో పూర్తిగా చెల్లకుండా పోయింది. బ్యాంకు 1956లో రిజర్వ్ బ్యాంకు చేతికి వచ్చి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది, 2017లో ఎస్‌బీఐలో కలిసిపోయింది. ఆ పేరున్న పాత పాస్‌బుక్కు తెచ్చే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు.

ఇంటిపని కూడా ఇక్కడే ఇచ్చేయండి: ఊళ్లో ఎనభై ఐదు దాటిన అవ్వనో తాతనో అడిగి హాలీ గురించి నాలుగు మాటలు రాసుకురమ్మని. ఈ పని మరో పదేళ్ల తర్వాత ఎవరికీ ఇవ్వలేం.

ఆటకు కావలసినవి

అరవై కాగితం ముక్కలు, ఇవి నోట్లు. ఇంకో ముప్పై తెల్ల ముక్కలు పక్కన ఉంచుకోండి. ముప్పై పత్తి కాయలు కావాలి, ముందురోజు చెప్తే పిల్లలే తెస్తారు. ముప్పై ఆరు చింతగింజలు, ఇవి బంగారం. రంగు కాగితం పేలికలు బట్టకు. ఒక అట్టపెట్టె సర్కారు ఖజానా.

పది మంది రైతులు, ఒక్కొక్కరి దగ్గర మూడు కాయలు. నలుగురు ఖరీదుదారులు, చేతిలో పైస లేదు. రెండు బ్యాంకులు, ఒక్కోదానికి ఇరవై నోట్లు. మిగతా ఇరవై ఖజానా పెట్టెలో. మిగిలిన పిల్లలంతా జనం, బ్యాంకుల్లో డబ్బు దాచుకున్నవాళ్లు. వాళ్ల కోసం ప్రతి బ్యాంకు ఐదు నోట్లు కదలకుండా పెట్టుకోవాలి. మిల్లు మీరే. నేనైతే ఆజంజాహి మిల్లు అని బోర్డు రాసి టేబుల్ మీద పెడతాను, ఆ పేరు వినని పిల్లలు వరంగల్‌లో లేరు. వడ్డీ, లాభం, అడ్తి కమీషను ఈ ఆటలో కలపకండి, అసలు సంగతి మరుగున పడుతుంది.

మొదటి విడత: కేంద్ర బ్యాంకు లేని ఊరు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి వచ్చిందనండి. కాయ ధర రెండు నోట్లు. ఖరీదుదారులు బ్యాంకుల దగ్గరికి పరుగెత్తుతారు. రెండు బ్యాంకులూ కలిపి ఇవ్వగలిగేది ముప్పై నోట్లు, అంటే పదిహేను కాయలు. మిగతా పదిహేను కాయలు రైతుల చేతుల్లోనే ఉంటాయి. మీరు ఏమీ అనకండి, చూస్తూ ఉండండి. రెండు నిమిషాల్లో ఎవరో ఒకరు "ఒక్క నోటుకే ఇస్త తీస్కో" అంటారు. ధర సగానికి పడిపోయింది. పత్తిలో తేడా లేదు, మిల్లుకు గిరాకీ తగ్గలేదు, ఊళ్లో నోట్లు చాలలేదు, అంతే. ఖజానా పెట్టెలో ఇరవై నోట్లు ఊరికే పడి ఉన్నాయి.

ఈ చోట తొందరపడకండి. ధర ఎందుకు పడిందో ఆ రైతు పిల్లలతోనే చెప్పించండి. మా క్లాసులో ఇది అయ్యాక తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) చేతికొచ్చినా పైసలు వారం ఆగి వచ్చిన సంగతులు, అడ్తిదారు దగ్గర ముందే తీసుకున్న అప్పుల సంగతులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. రానివ్వండి. పాఠం అవే.

తర్వాత అసలు చరిత్ర కలపండి. 1935కు ముందు ఈ దేశంలో నోట్లు వేసేది సర్కారు, 1861 చట్టం ప్రకారం. అప్పుల సంగతి చూసేది బ్యాంకులు, వాటిలో పెద్దది మూడు ప్రెసిడెన్సీ బ్యాంకులను (బెంగాల్, బొంబాయి, మద్రాసు) కలిపి 1921లో చేసిన ఇంపీరియల్ బ్యాంకు. నోటు ఒకరి చేతిలో, అప్పు ఇంకొకరి చేతిలో. పంట చేతికొచ్చే అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా డబ్బుకు కటకట, వానాకాలంలో అడిగేవాడు లేడు. ఈ రెండు చేతుల్ని ఒకటి చేయాలని 1926లో హిల్టన్ యంగ్ కమిషన్ చెప్పింది. చట్టం 1934లో అయింది. వరంగల్‌లో ఆజంజాహి మిల్లు పెట్టింది కూడా ఆ ఏడాదే.

మధ్యలో ఒక పుకారు

నోట్లు మళ్లీ మొదట్లోలా పంచి, బ్యాంకుల చేత అప్పులిప్పించి, జనంలో ఒకరి చెవిలో "రెండో బ్యాంకు ఖాళీ అయిందట" అని చెప్పండి. అంతకంటే మీరు చేయాల్సింది లేదు. ఐదు నోట్లు క్షణంలో అయిపోతాయి, అప్పులిచ్చిన మిగతావి వెంటనే వెనక్కి రావు. 1913 నుంచి నాలుగైదేళ్లలో దేశంలో ఇట్లా చాలా బ్యాంకులు మూతపడ్డాయి, లాహోర్‌లోని పీపుల్స్ బ్యాంకు వాటిలో ఒకటి. రిజర్వ్ బ్యాంకు వచ్చాక కూడా 1938లో ట్రావన్‌కోర్ నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు కూలింది. బ్యాంకుల మీద గట్టి అజమాయిషీ రిజర్వ్ బ్యాంకుకు 1949 చట్టంతో గాని రాలేదు. ఇది తప్పకుండా చెప్పాలి, లేకపోతే బ్యాంకు పెట్టిన మర్నాడే అన్నీ చక్కబడ్డాయని పిల్లలు అనుకుంటారు.

రెండో విడత: చట్టం రాయించండి

నోట్లు, కాయలు మళ్లీ మొదట్లోలా పంచి, ఇప్పుడు క్లాసు చేత బోర్డు మీద చట్టం రాయించండి. గవర్నరును వాళ్లనే ఎన్నుకోమనండి. ముప్పై ఆరు చింతగింజలు అతని చేతికివ్వండి. మొదటి నిబంధన: చలామణిలో ఉన్న నోట్ల విలువలో నూటికి నలభై వంతు గింజలు ఉండాలి. 1934 చట్టంలో ఉన్నది ఇదే నిష్పత్తి: ఆస్తుల్లో ఐదింట రెండు వంతులు బంగారం లేదా స్టెర్లింగ్ (బ్రిటిష్ పౌండ్ల) బాండ్లు, అందులో బంగారం 40 కోట్లకు తగ్గకూడదు. ముప్పై ఆరు గింజల మీద ఎన్ని నోట్లు ఉండొచ్చు? తొంభై. ఇప్పుడున్నవి అరవై. ఇంకో ముప్పైకి చోటుంది.

ఆ ముప్పై ఎవరికి ఇవ్వాలి? ఉత్త చేతులతో వచ్చినవాళ్లకు ఇవ్వకూడదు. ఖరీదుదారు "బట్ట అమ్ముడుపోయాక కడతాను" అని కాగితం రాసి సంతకం పెట్టాలి. బ్యాంకు మేనేజరు దాని వెనక తన సంతకం పెట్టి పూచీ పడాలి. రెండు సంతకాలున్న ఆ హుండీని తీసుకుని గవర్నరు కొత్త నోట్లు ఇస్తాడు. అసలు చట్టంలోనూ రెండు మంచి సంతకాలు కావాలి. మామూలు వ్యాపార హుండీకి గడువు 90 రోజులు, పంట పనులకు, పంట అమ్మకాలకు రాసిన హుండీకైతే తొమ్మిది నెలలు. 1951లో దాన్ని పదిహేను నెలలు చేశారు. కేంద్ర బ్యాంకులో వ్యవసాయ పరపతికి ప్రత్యేక శాఖ ఉండాలని కూడా ఆ చట్టంలోనే రాశారు. పొలం ఉన్న ఇంటి పిల్లలకు ఈ మాట చెప్పకుండా పాఠం ముగించడం అన్యాయం.

ఈసారి ముప్పై కాయలూ రెండేసి నోట్లకు అమ్ముడుపోతాయి. పత్తి మిల్లుకు వస్తుంది, మీరు బట్ట ఇస్తారు, రైతులు, జనం నోట్లు పెట్టి కొంటారు. మీరు ఖరీదుదారులకు చెల్లిస్తారు, వాళ్లు బ్యాంకులకు, బ్యాంకులు తాము తెచ్చుకున్న ముప్పై నోట్లను గవర్నరుకు. అప్పుడు గవర్నరును ఆ ముప్పైనీ చించేయమనండి.

చించడానికి ఒప్పుకోరు. "మేడం, మంచిగున్నయి గదా, ఎందుకు చింపుడు?" అంటారు. పట్టుబట్టి చింపించండి. పంటతో పుట్టిన నోటు పంట తీరాక పోవాలి. ఉంచేస్తే వచ్చే నెల అదే బట్టకు ఎక్కువ నోట్లు పోటీ పడతాయి. ధరలు పెరగడం గురించి నేను బోర్డు మీద ఎంత రాసినా ఈ ముక్కలు చింపినంత బాగా అర్థం కాలేదు.

మూడో విడత: సర్కారు తలుపు కొడుతుంది

ఒక అమ్మాయిని ఆర్థిక మంత్రి చేయండి, నోరున్న పిల్లను చూసి. రెండో విడతలో ముప్పై చింపకముందు, నోట్లు తొంభై తిరుగుతున్న సమయంలో ఆమెను గవర్నరు దగ్గరికి పంపండి. జీతాలివ్వాలి, చెరువులు బాగుచేయాలి, ఇరవై నోట్లు కావాలి. మా క్లాసులో జరిగిన సంవాదం ఇది:

"సర్కారు మాదే, బ్యాంకు మాదే, మరి నోట్లు ఎందుకియ్యవు?"

"ఎనిమిది గింజలు తీస్కరా, ఇరవై నోట్లు ఇస్త."

గవర్నరు లెక్క సరిగ్గా కట్టాడు. నూట పది నోట్లకు నలభై నాలుగు గింజలు కావాలి. ఆ అమ్మాయి ఊరుకోలేదు, "అట్లయితే చట్టం మారుస్తం, నలభై తీసి ఇరవై రాస్తం" అంది. నిజంగానే అట్లా జరిగింది. 1956లో నిష్పత్తి పద్ధతి తీసేసి కనీస నిల్వ పద్ధతి తెచ్చారు. 1957 నుంచి మొత్తం 200 కోట్లు, అందులో 115 కోట్ల బంగారం ఉంటే చాలు. పైగా 1955 నుంచి సర్కారు ఖాతాలో నిల్వ తగ్గినప్పుడల్లా అడ్‌హాక్ ట్రెజరీ బిల్లులు (అప్పటికప్పుడు రాసే అప్పు పత్రాలు) ఇచ్చి రిజర్వ్ బ్యాంకు నుంచి డబ్బు తీసుకుంది. అది ఆగింది 1997లో.

మూలన రాసిన ప్రశ్న దగ్గరికి ఇప్పుడు రండి. మధ్యలో బ్యాంకు ఎందుకో పిల్లలు తమ మాటల్లో చెప్తారు. ఆ వెంటనే మొదటి గవర్నరు ఆస్బోర్న్ స్మిత్ కథ చెప్పండి. ఇంపీరియల్ బ్యాంకు నుంచి వచ్చాడు. మారకపు రేటు, వడ్డీ రేట్ల మీద సర్కారుతో పడలేదు, గడువు తీరకుండానే 1937లో దిగిపోయాడు. రిజర్వ్ బ్యాంకు సొంత నోట్లు 1938లో వచ్చాయి, వాటి మీద రెండో గవర్నరు జేమ్స్ టేలర్ సంతకం పడింది. మొదటి గవర్నరు సంతకం ఏ నోటు మీదా లేదు. మన మనిషి సి.డి. దేశ్‌ముఖ్ ఆ కుర్చీలో కూర్చున్నది 1943లో.

వాటాల సంగతి కూడా ఇక్కడే. మూలధనం 5 కోట్లు, వంద రూపాయల వాటాలు, దాదాపు అన్నీ ప్రైవేటు వాళ్లవి. సర్కారు చేతిలో ఉన్నవి 2 లక్షల 20 వేల రూపాయల వాటాలే. పాలకులు పరాయివాళ్లైన రోజుల్లో సర్కారుకు దూరంగా ఉండాలనే మాటకు ఒక అర్థం, స్వరాజ్యం వచ్చాక ఇంకో అర్థం. దీని మీద పిల్లల్ని రెండు పక్షాలు చేసి పది నిమిషాలు వాదించుకోనివ్వండి. తీర్పు చెప్పకండి.

టైం మిగిలితే: క్లాసును రెండు దేశాలు చేయండి

గది మధ్యలో సుద్దగీత గీసి, సగం నోట్ల మీద ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టించండి. పాకిస్తాన్ మొదటి రోజులు ఇవే. దేశం 1947 ఆగస్టులో వచ్చింది, సొంత బ్యాంకు లేదు. రిజర్వ్ బ్యాంకే ఇద్దరికీ పని చేసింది. 1948 ఏప్రిల్ నుంచి మన నోట్ల మీదనే పాకిస్తాన్ ప్రభుత్వం అని అచ్చువేసి వాడుకున్నారు. నగదు నిల్వల్లో వాళ్ల వాటా 75 కోట్లు, 20 కోట్లు ముందే ఇచ్చారు, 55 కోట్లు కశ్మీర్ యుద్ధం వల్ల ఆగి 1948 జనవరిలో గాంధీ నిరాహారదీక్ష రోజుల్లో విడుదలయ్యాయి. ఒకే బ్యాంకు రెండు సర్కార్లకు పని చేయడం ఎంత కష్టమో ఆ గొడవలో తేలింది. సెప్టెంబరు దాకా అనుకున్న ఏర్పాటును జూన్ 30తోనే ముగించి, 1948 జూలై 1న జిన్నా స్టేట్ బ్యాంక్ ఆఫ్ పాకిస్తాన్‌ను ప్రారంభించాడు. బంగ్లాదేశ్ అయితే ఆ స్టేట్ బ్యాంకు ఢాకా శాఖనే తన కేంద్ర బ్యాంకుగా చేసుకుంది. ఉత్తర్వు 1972లో వచ్చినా, అది 1971 డిసెంబరు 16 నుంచే అమల్లో ఉన్నట్టు రాసుకున్నారు. శ్రీలంక 1950లో తన బ్యాంకు పెట్టుకుని మొదటి గవర్నరుగా జాన్ ఎక్స్‌టర్ అనే అమెరికన్‌ను తెచ్చుకుంది.

అమెరికా కథ డిగ్రీ పిల్లలకైతే చెప్పండి, ఇంటర్ వాళ్లకు బరువవుతుంది. అక్కడి మొదటి ఆర్థిక మంత్రి హామిల్టన్ పట్టుబట్టి 1791లో కోటి డాలర్ల మూలధనంతో బ్యాంకు పెట్టించాడు, అందులో ఐదో వంతు సర్కారుది. చట్టంలో ఇరవై ఏళ్ల గడువు రాశారు, 1811లో పొడిగించకపోవడంతో అది మూతపడింది.

పరీక్షల కోసం చివర్లో పావుగంట ఉంచుకోండి. ‘రిజర్వ్ బ్యాంకు స్థాపన’ ప్రశ్నకు జవాబును తేదీతో మొదలుపెట్టొద్దని చెప్పండి. మొదటి వాక్యంలో నోటు, అప్పు రెండు చేతుల్లో ఉన్న ఇబ్బంది రాయాలి, రెండో వాక్యంలో 1926 కమిషన్, ఆ తర్వాత 1934 చట్టం, 1935, వాటాదారులు, 1949. పేపర్లు దిద్దేవాళ్లకు ఆ మొదటి వాక్యం చాలు, ఈ పిల్లకు పాఠం తెలుసని అర్థమైపోతుంది. చింతగింజలు పారేయకండి, వచ్చే నెల ద్రవ్యోల్బణం పాఠంలో మళ్లీ కావాలి.